గ్యాస్ నిల్

నూట రెండు పాయింట్ ఎనిమిది. మూడు నలభైకి చూశాను. చూసి రాశాను. సోమవారం సాయంత్రం నుంచి గురువారం ఈ గంట దాకా ఈ జ్వరం పుస్తకంలో పదమూడు అంకెలున్నాయి. పదమూడూ నా చేతిరాతే. అందులో మొదటిదీ చివరిదీ మాత్రమే నేను కళ్లతో చూసినవి. మధ్యలో పదకొండు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు, ఒకచోట పాయింట్ రెండు, అన్నీ ఒకటే అయితే ఎవరికైనా అనుమానం వస్తుందని. ఆ తెలివి ఉంది నాకు. గనిలో ముప్పై ఏళ్లు నేర్చుకున్న తెలివి. నా మనవరాలు లిఖిత తల నా తొడ మీద ఉంది, గుడ్డ కట్టిన బోడి తల, ఆ వేడి గుడ్డను దాటి, నా పంచెను దాటి చర్మానికి తగులుతోంది. ముందు సీట్లో కోటేష్ మెడ కనిపిస్తోంది, పందొమ్మిదేళ్లుగా నేను మాట్లాడని మనిషి మెడ, నెరిసిన వెంట్రుకలు, మడతలు పడిన చర్మం, చెమట. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే బండి కాన్పు కేసు మీద అడవి లోపలికి పోయిందన్నారు, నలభై నిమిషాలన్నారు. ఆ వేళకు వీధిలో ఇంకో బండి లేదు. పిల్లను రెండు చేతుల మీద ఎత్తుకుని కోటేష్ ఇంటి ముందు నిలబడ్డాను. నోరు తెరవలేదు. వాడు నా ముఖం చూడలేదు, పిల్ల ముఖం చూశాడు, తింటున్న పళ్లెం కింద పెట్టాడు, చెయ్యి కడుక్కోకుండానే తాళం తీసుకున్నాడు. పాత బొలేరో. డోరు రెండుసార్లు కొడితే గాని పడదు.

గంట. భీమక్క చెప్పిన ఆ మాటొక్కటే తలలో తిరుగుతోంది. భీమక్క భద్రాచలం దవాఖానాలో నర్సు, హైదరాబాదులో క్యాన్సర్ పిల్లల వార్డులో ఉండి ఆ పని నేర్చుకుని వచ్చిన కోయ పిల్ల, ముప్పై దాటి ఉండవు. శుక్రవారం శుక్రవారం స్కూటీ మీద మణుగూరు దాటి మా ఊరికి వచ్చి, లిఖిత చేతికి పెట్టిన సన్న పైపు కడిగి, పట్టీ మార్చి పోతుంది. రక్తపు క్యాన్సర్ అని తేలిన నెలలోనే మా ముగ్గురినీ, నా కొడుకు కిషోర్‌ను, కోడలు శోభారాణిని, నన్ను, చాప మీద కూర్చోబెట్టి బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. నీళ్లు కాచి చల్లార్చాలి. పచ్చివి పెట్టొద్దు. ఉప్పు, సోడా కలిపిన నీళ్లతో నోరు పుక్కిలించాలి. చుట్టాలు గుంపుగా రావొద్దు. రోజుకు నాలుగుసార్లు జ్వరం చూడాలి, చూసి ఈ పుస్తకంలో రాయాలి. "మందు చెడ్డ రక్తాన్నే గాదు కాకా, మంచిదాన్ని గూడ తింటది. గిప్పుడు బిడ్డ ఒంట్ల కావలి లేదు. వాపు రాదు, చీము పట్టదు, ఏదీ బయటికి కనవడదు. జ్వరమొక్కటే కనవడేది. వంద దాటిందంటె ఎవ్వర్ని అడగొద్దు, గోలి వెయ్యొద్దు, బండెక్కాలె. గంటల సూది పడాలె." శోభ ఏడ్చింది. కిషోర్ తల ఊపాడు. నేను నవ్వాను, ఇంత చిన్న పనికి ఇంత పొడుగు చెబుతోందని. ఆ పిల్ల నా నవ్వు చూసింది. "ఏంది కాకా నవ్వుతున్నవ్? సర్దార్ పని చేసినవంట గద. గనిల గ్యాస్ చూసుడు, గీడ జ్వరం చూసుడు. నీకు చెప్పేదేముంది?" అంది. ఆ మాటకు పొంగిపోయాను. పొంగిపోయాను, అదీ నా బతుకు.

సర్దార్ అంటే, గనిలోకి కూలీలు దిగక ముందు దిగేవాడు. చేతిలో దీపం, సీసా బుడ్డీలో చిన్న మంట. ఆ మంటను సగానికి తగ్గించి పైకప్పు దగ్గరికి ఎత్తి పట్టాలి. మంట మీద నీలం టోపీ లేచిందా, గ్యాస్ ఉన్నట్టు. లేవలేదా, లేనట్టు. ప్రతి పని చోటా ఆగాలి, ఎత్తాలి, చూడాలి. పైకి వచ్చాక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. గ్యాస్: నిల్. గాలి: బాగుంది. పైకప్పు: బాగుంది. మా ఊరి బడిలో ఏడో తరగతి చదివిన చదువు ఆ మూడు ముక్కలకు సరిపోయింది. మొదటి ఏడు ప్రతి చోటా ఆగాను. రెండో ఏడు సగం చోట్ల. ఆ తర్వాత కింద గట్టు మీద కూర్చుని తంబాకు నలుపుకుంటూ రాసేవాడిని, మోకాలు నొప్పి, నిన్న లేని గ్యాస్ ఇవాళ ఎక్కడి నుంచి వస్తుంది, నిల్. ఏమీ కాలేదు. అదే నన్ను చెడగొట్టింది. రాసిన ప్రతిసారీ ఏమీ కాకపోవడం. ఇప్పుడా గని లేదు, నీళ్లు నింపి మూసేసి చాలా ఏళ్లయింది. నా సంతకాలున్న పుస్తకాలను చెదలు తినే ఉంటాయి.

బండి గుంటలో పడి లేచింది. లిఖిత మూలిగింది. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి, టార్పాలిన్ల మీంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి, నాలుగు రోజులుగా వాన, ఇప్పుడే తెరిపి ఇచ్చింది. కోటేష్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. మూడు యాభై ఐదు. చంకలో పెట్టాను, శబ్దమయ్యే దాకా పట్టుకున్నాను. నూట రెండు పాయింట్ రెండు. రాశాను. ఇప్పుడు చెయ్యి చంక దాకా ఎంత సులువుగా పోయింది. సోమవారం పోలేదు.

సోమవారం మధ్యాహ్నం శోభ బోనకల్ బండెక్కింది. ఆమె తల్లి పెద్దకర్మ. తల్లి పోయిన రోజు కూడా పోలేదు, ఆ రోజు హైదరాబాదులో పిల్లకు మందు ఎక్కుతోంది. ఈ ఒక్కదానికైనా పోయి రా, నేను లేనా అన్నాను. నేనే అన్నాను. పుస్తకం నా చేతికిచ్చి గడప దిగి మళ్లీ ఎక్కింది. "మామయ్యా, చంకల పెట్టి శబ్దమయ్యేదాక ఉంచాలె. అడుగుడు గాదు, చూడాలె." పదహారేళ్లుగా నా ఇంట్లో ఉన్న మనిషి, నా సంగతి తెలుసు. కిషోర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పెద్ద లారీ నడుపుతాడు, పన్నెండు గంటల షిఫ్టు, ఫోన్ గేటు దగ్గర పెట్టెలో. ఇంట్లో నేనూ పిల్లా. ఆ సాయంత్రం దాని మంచం దగ్గరికి పోయి జ్వరం పుల్ల చూపించాను. పదమూడేళ్ల పిల్ల. నిరుడు పెద్దమనిషి అయ్యింది, ఆ తర్వాత రెండు నెలలకే ఈ రోగం. జుట్టు పోయింది, బుగ్గలు ఉబ్బాయి, కానీ సిగ్గు పోలేదు. చొక్కా గుండీ ఒకటి విప్పి ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. పుల్ల పెట్టిన చేతికి దాని పక్కటెముకలు తగిలాయి, పిట్ట ఎముకల్లా. శబ్దం వచ్చే దాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తొంభై ఎనిమిది పాయింట్ రెండు. దాని ముఖం ఎర్రబడింది, నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. ఆడపిల్ల ఒంటి మీద చెయ్యి పెట్టడం ఆడవాళ్ల పని అనుకున్నాను. పుల్ల దాని చేతికే ఇచ్చి నువ్వే పెట్టుకో అంటే సరిపోయేది. ఆ మాట కూడా నోట్లోంచి రాలేదు. ఆ రాత్రి నుంచి గడప అవతలే నిలబడ్డాను. ఎట్లుంది బిడ్డా అని అడిగాను.

"నిల్ తాతా," అంది దుప్పట్లోంచి.

నా గని కథలన్నీ దానికి నోటికి వచ్చు. ఆస్పత్రిలో సూది గుచ్చేటప్పుడు ఏడవకుండా ఉండాలని నేనే చెప్పాను అవి, పదిసార్లు. దీపం, నీలం టోపీ, మూడు ముక్కల రిపోర్టు. "గ్యాస్ నిల్, గాలి బాగుంది, పైకప్పు బోడి," అని తల నిమురుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే పుస్తకం తీసి తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని రాశాను. మంగళవారం పొద్దున అడిగాను, నిల్. మధ్యాహ్నం, నిల్. బుధవారం మధ్యాహ్నం అడగలేదు కూడా, నిద్రపోతోంది, ఎందుకు లేపాలని రాసేశాను. ఆ సాయంత్రం గొంతు కొంచెం బరువుగా ఉంది, దుప్పటి మెడ దాకా ఉంది, ఈ వానకు చలి వేస్తోందేమో అనుకున్నాను. వణుకుతోంది. చూశాను. వణకడం చూశాను, జ్వరం చూడలేదు. శోభ ఫోన్ చేసి, "ఎంతుంది మామయ్యా?" అంది. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగమ్మా అన్నాను. పుస్తకం తెరిచి చదివి మరీ చెప్పాను, నేను రాసిందే నాకు సాక్ష్యం అన్నట్టు. ఇవాళ మూడు నలభైకి పిలిస్తే నిల్ అనలేదు, అప్పుడు గడప దాటాను.

"సర్దారూ," అన్నాడు కోటేష్.

అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. పందొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట. వెక్కిరింతో, పాత అలవాటో తెలియదు.

"ఎంతుంది?"

"నూట రెండు."

"ఎప్పటిసంది?"

నేను పుస్తకం మూశాను. వాడు ఇంకోసారి అడగలేదు. గేరు మార్చాడు.

జంపయ్య మా గనిలో కర్రలు నిలబెట్టే మనిషి. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడతాడు, పాటలు పాడతాడు, అందరి అన్నం డబ్బాల్లోంచీ కూర తీసుకుంటాడు. ఆ షిఫ్టులో ఆ భాగానికి సర్దార్ కోటేష్. పాత గల్లీ ఒకటి ఉంది, బొగ్గు తవ్వేసిన సొరంగం, గాలి ఆడనిది. అక్కడికి పోయి దీపం పెట్టి చూడాలి. కోటేష్ పోలేదు, పోయినట్టు రాశాడు, గ్యాస్ నిల్, గాలి బాగుంది. జంపయ్య ఆ గల్లీలోకి దుంగ కోసం పోయాడు. మంట పెరగడం ఒక్కటే ప్రమాదం అనుకుంటారు పైనున్నవాళ్లు. మంట తగ్గడం కూడా ప్రమాదమే. నీలం టోపీ లేకుండా, చప్పుడు లేకుండా, దీపం తనంతట తాను చిన్నబోతూ పోతుంది, గాలి లేక. మనిషికి కూడా నొప్పి తెలియదు, నిద్ర వచ్చినట్టు ఉంటుంది, కూర్చుంటాడు. జంపయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన దీపం ఆరిపోయి ఉంది. విచారణలో నన్ను పిలిచారు. కోటేష్ చూడకుండా రాశాడని చెప్పాను, అది నిజం. మీరు ఎప్పుడూ చూసే రాస్తారా అని అడిగారు. చూసే రాస్తానన్నాను. కోటేష్ అక్కడే నిలబడి ఉన్నాడు, ముందు వారమే ఆ గట్టు మీద నా పక్కన కూర్చుని నా తంబాకు నలిపినవాడు. నోరు తెరిచి వీడూ అంతే అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నన్ను చూశాడు, అంతే. వాడి ఉద్యోగం పోయింది. నాకు ఉద్యోగం ఉంది, పింఛను ఉంది, నిజాయితీ మనిషి అని పేరు ఉంది. మా ఇంటి వెనక వీధిలోనే ఉండి బండి నడుపుకుంటున్నాడు. నా భార్య భద్రమ్మ పోయిన రోజు వాడు గుమ్మం దాకా వచ్చాడు, పాడె పట్టడానికి. వాడు పట్టొద్దని పక్కవాడితో చెప్పించాను, నలుగురిలో. తల వంచుకుని పోయాడు. జంపయ్యను చంపినవాడిని ఎట్లా క్షమిస్తానని పందొమ్మిదేళ్లు ఊరంతా చెప్పాను. క్షమించకపోవడం నాకు బలంగా ఉండేది, మందులా పనిచేసేది. వాడిని ద్వేషిస్తున్నంత కాలం ఆ గట్టు మీద నేను లేను.

నాలుగు పది. వంద పాయింట్ ఆరు. తగ్గింది. రెండోసారి పెట్టినా అంతే. తగ్గింది. రాశాను, కలం చేతిలో గట్టిగా నిలిచింది. లిఖిత కళ్లు తెరిచింది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి, నీళ్లు పట్టించాను, సగం బయటికి కారాయి.

"తాతా."

"చెప్పు బిడ్డా."

"అమ్మకు చెప్పకు."

"ఏంది?"

"చూడలేదని చెప్పకు. నేనే సూపియ్యలేదని చెప్త. పుల్ల పెట్టనియ్యలేదని చెప్త." ఊపిరి తీసుకుంది. "నాకు నిన్ననే తెల్సు జ్వరమని. మల్ల దవాఖానల పండవెడ్తరని చెప్పలే. నాదే గద తప్పు. అమ్మ నిన్ను తిడ్తది."

కళ్లు మూసుకుంది. కోటేష్ మెడ కదల్లేదు, కానీ విన్నాడు, బండి ఇంకాస్త జోరు పెరిగింది. నేను ఎవరికైనా ఎప్పుడైనా ఏదైనా వదిలిపెట్టానా. మా అన్నతో పొలం గట్టు తగాదా, ముప్పై ఏళ్లు, వాడి చావుకు పోలేదు. కిషోర్ పదో తరగతి తప్పితే ఏడాది మాట్లాడలేదు. భద్రమ్మను కూడా వదల్లేదు, చచ్చిపోయాక కూడా. ఆమెకు కడుపులో గడ్డ. మూడు నెలలు పొయ్యి దగ్గర చెయ్యి నడుము మీద పెట్టుకుని వంగి నిలబడేది. నేను షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, ఎట్లుందే అనేవాడిని. మంచిగనే ఉంది అనేది. సరే అనేవాడిని. ఎట్లుంది, మంచిగనే ఉంది, సరే, మూడు నెలలు. దవాఖానాకు తీసుకుపోయేసరికి కోసి చూసి మళ్లీ కుట్టేశారు. చెప్పి చావొచ్చు కదా అని ఆమె బొమ్మ ముందు నిలబడి తిట్టాను, తొమ్మిదేళ్లుగా తిడుతూనే ఉన్నాను. నాకు ఎందుకు చెప్పలేదు. నేను ఎందుకు లోపలికి పోయి ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి చూడలేదు. రెండో ప్రశ్న ఇవాళే వచ్చింది, ఈ బండిలో, ఈ గుంటల రోడ్డు మీద. అడిగితే ఆడది ఎప్పుడూ మంచిగనే ఉంది అంటుంది. నా ఇంట్లో ఆడవాళ్లకు ఆ మాట నేర్పింది నేనే, దర్వాజ దగ్గర నిలబడి నిలబడి.

కాగితం మిల్లు వాసన వచ్చింది, కుళ్లిన క్యాబేజీ వాసన, అంటే సారపాక, అంటే వంతెన దగ్గర పడింది. నాలుగు ఇరవై ఐదు. పెట్టాను. శబ్దం వచ్చింది.

తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

పదిసార్లు రాసిన అంకె. అదే అంకె. పుల్ల మీద నిజంగా, నా కళ్ల ముందు, నల్లటి గీతల్లో. రాముడి ఊరు దగ్గరికి వచ్చాం, కొండంత మనసు చేసుకుని నా అబద్ధాలన్నిటినీ ఒక్కసారిగా నిజం చేశాడు అనుకున్నాను. దేవుణ్ణి అడిగి పదేళ్లు దాటింది, అయినా అనుకున్నాను. పిల్ల నుదురు తడిమాను, చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది, జ్వరం దిగితే చెమట పడుతుంది. నాకు తెలుసు, చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. "తగ్గింది," అన్నాను పైకే. "తగ్గింది, మామూలుకొచ్చింది." ఎవరితో అన్నాను, కోటేష్‌తో అన్నాను. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

కోటేష్ అద్దంలో చూశాడు. నన్ను కాదు, పిల్లను.

"మాట్లాడ్తుందా?" అన్నాడు.

"నిద్రపోతుంది. జ్వరం తగ్గింది గద."

"లేపు."

"ఎందుకు లేపుడు? పండనియ్."

"సర్దారూ, లేపు," అన్నాడు. గొంతు మారింది. "నిద్రపోతుందంటె నమ్మకు. నిద్రపోయిండనే అనుకున్నరు అందరు ఆ దినం."

వీడు నాకు చెప్పేవాడా అనిపించింది. ఆ క్షణంలో కూడా అనిపించింది. లిఖితా అని పిలిచాను. బిడ్డా అన్నాను. కనురెప్పలు కదిలాయి, పెదవులు కదిలాయి, మాట రాలేదు. నా అరచెయ్యి కిందికి జారి దాని పాదం దాకా పోయింది, పాదం పట్టుకున్నాను, చల్లగా, గనిలో గోడ పట్టుకున్నట్టుంది. గోరు నొక్కి చూశాను, భీమక్క ఒకసారి అట్లా చేయగా చూశాను, నొక్కి వదిలితే ఎర్రబడాలి. తెల్లగానే ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. తెలుసు నాకు. ఏమిటో అప్పుడే తెలుసు. మంట పెరగడం ఒక్కటే ప్రమాదం కాదు. తెలిసి కూడా పుస్తకం తెరిచి, తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని చక్కగా రాశాను, చక్కని అంకె కింద గీత కూడా గీశాను.

వంతెన మీద బండ్లు ఆగి ఉన్నాయి. గోదావరి చూడ్డానికి జనం. నలభై ఒక్క అడుగులు, నలభై మూడు అయితే మొదటి హెచ్చరిక, పొద్దుటి నుంచి గంట గంటకూ అందరి ఫోన్లలో అదే, గంటకోసారి మనిషి పోయి నది ఒంటి మీద కొలత చూసి వస్తాడు. ఎర్రటి నీళ్లు, మధ్యలో దుంగలు, చచ్చిన గేదె ఒకటి కాళ్లు పైకి పెట్టి తిరుగుతూ పోతోంది, పిల్లలను భుజాల మీదికెత్తి చూపిస్తున్నారు. కోటేష్ డోరు తీసి కిందికి దిగి అరుస్తున్నాడు, "జరుగుండ్రి! బండ్ల బిడ్డ ఉంది, జల్దీ జరుగుండ్రి!" ఒకడు ఫోన్ దించకుండానే, "ఆగు కాకా, అందరం పోయేటోళ్లమే," అన్నాడు. కోటేష్ వాడి మోటార్ సైకిల్‌ను కాలితో తన్ని పక్కకు పడేశాడు. అరవై ఏళ్ల మనిషి. వాళ్లు కొట్టడానికి వచ్చారు. బండిలోకి తొంగి చూసి ఆగిపోయారు, ఒకడు చేతులు ఊపుతూ ముందు పరిగెత్తాడు, దారి విడిపించడానికి. నాలుగు ముప్పై ఎనిమిది. తొంభై ఆరు పాయింట్ రెండు. రాశాను. గంట కావడానికి రెండు నిమిషాలు. గంట అని ఎప్పటి నుంచి లెక్క పెడుతున్నాను. మూడు నలభై నుంచి. నిజం గంట నిన్న సాయంత్రం, దుప్పటి మెడ దాకా లాక్కున్నప్పుడు, ఎవరూ చూడకుండా అయిపోయింది. ఇప్పుడు నేను లెక్కపెడుతున్నది పుస్తకంలో గంట.

బండెక్కగానే నేను ఫోన్ చేసి చెప్పాను కాబట్టి దవాఖానా గేటు దగ్గరే భీమక్క నిలబడి ఉంది, పక్కన స్ట్రెచర్, చేతిలో సిద్ధంగా సూది మందు. డోరు రాలేదు, కోటేష్ కాలితో తన్ని తీశాడు. "తగ్గింది సిస్టర్," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు. భీమక్క నా మాట వినలేదు, పిల్ల ముఖం కూడా చూడలేదు, నేరుగా పాదం పట్టుకుంది. ఒక్క క్షణం. తర్వాత లోపలికి అరిచిన అరుపుకు మెట్ల మీది మనుషులు లేచి నిలబడ్డారు. స్ట్రెచర్ తోస్తూనే చేతి పైపు మూత తీసింది, మందు ఎక్కించింది, ఇంకెవరో సెలైన్ సంచీ పిండుతున్నారు, ఎవరో మిషను పట్టీ చేతికి చుట్టి, బీపీ దొరకట్లేదు అన్నారు. నేను పక్కన పరిగెత్తుతున్నాను, చెప్పు ఒకటి జారిపోయింది. భీమక్క చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను.

పరిగెత్తుతూనే చూసింది. నిలువు వరస మీద వేలు పెట్టి కిందికి దింపింది. తొంభై ఎనిమిది నాలుగు, తొంభై ఎనిమిది నాలుగు. ఐసీయూ తలుపు దగ్గర ఆగింది.

"ఇవన్నీ నువ్వు సూసి రాసినవేనా కాకా?" కోపం లేదు గొంతులో. "డాక్టర్‌కు సరిగ్గ చెప్పాలె. నిన్ననే మొదలైతె మందు వేరే, ఇయ్యాలైతె వేరే."

స్ట్రెచర్ మీద లిఖిత పెదవులు కదిలాయి. ఇద్దరం వంగాం.

"అవ్," అంది. "తాత సూసిండు."

అంతే. కళ్లు మళ్లీ మూతపడ్డాయి. నా వెనక ఎవరో ఆగిన అలికిడి, చూడకుండానే తెలుసు, నా చెప్పు చేతిలో పట్టుకుని కోటేష్. విచారణ రోజున నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు, నోరు తెరవకుండా. పిల్ల నాకు దారి ఇచ్చింది. ఆ దారిలో పోతే ఎవరూ ఏమీ అనరు. అవ్ అంటే చాలు. మూడు ముక్కల చదువుకు ఒక్క ముక్క.

"చూడలే," అన్నాను. "పదకొండు చూడలే. మొదటిది చూసిన, ఇయ్యాల మూడు నలభైసంది చూసిన. నడుమంతా గడప కాడ నిలవడి రాసిన. నిన్న సాయంత్రం వణికింది. అప్పుడు గూడ చూడలే."

భీమక్క నన్ను తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను. పదకొండు అంకెల మీద ఒకే అడ్డగీత గీసి, పక్కన నిన్న సాయంత్రం అని రాసి, లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. దానికి సన్నటి అద్దం ఉంది. అద్దంలోంచి చూశాను. ఒకరు ఛాతీ మీద పట్టీలు అతికిస్తున్నారు, ఒకరు గుండీలు కత్తిరించారు, అందరూ చూస్తున్నారు, ఎవరూ ముఖం తిప్పుకోలేదు. భీమక్క పుల్ల పెట్టి, చదివి, గట్టిగా చెప్పింది, రాసుకోవడానికి. తలుపు లోంచి వినబడింది. తొంభై ఐదు ఆరు.

కోటేష్ చెప్పు నా కాలి దగ్గర పెట్టాడు. తొడుక్కోలేదు. జేబులో ఫోన్ మోగింది. శోభ. ఖమ్మంలో బండి మారి ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఒళ్లో కర్మ తాలూకు సంచీ. ఎత్తాను.

"మామయ్యా, ఎంతుంది?"

"తొంభై ఐదు పాయింట్ ఆరమ్మా," అన్నాను.

"అమ్మయ్య," అంది. ఊపిరి వదలడం వినిపించింది. పక్కన ఎవరితోనో అంటోంది, మా బిడ్డకు, జ్వరం లేదంట అక్కా, లేనే లేదంట. తర్వాత మళ్లీ నాతో, తేలికపడిన గొంతుతో, ఈ ఐదు నెలల్లో నేను వినని గొంతుతో:

"చూసిండ్రు గద మామయ్యా? మీరే చూసిండ్రు గద?"